పళ్ళెం అడుగున

ఆయన మొహం నేను తోమినన్నిసార్లు
ఆయన కూడా కడుక్కుని ఉండడు.

బెంజి సర్కిల్ దగ్గర, రెండో అంతస్తు.
మెట్లెక్కేచోట కత్తి పట్టిన కటౌటు.
కత్తి చెరిపేసి గరిటె పెట్టాడు పెయింటరు.
'హీరోగారి బంతి' అని ఎర్రలైట్లు.
తెరిచిన రోజు నూట ఎనిమిది కొబ్బరికాయలు కొట్టారు,
చిప్పలు ఏరుకెళ్ళి వారంరోజులు
ఇంట్లో పచ్చడే పచ్చడి.

పళ్ళెం తెల్లది, మెలమైనుది.
అడుగున ఆయన నవ్వు అచ్చేశారు.
అన్నం మొత్తం తింటేనే కనపడాలట,
ఓనరు పూర్ణచంద్రంగారి బుర్ర అది.
పిల్లలు పప్పన్నం గబగబా మింగి
"వచ్చాడు! వచ్చాడు!" అని అరిచేవాళ్ళు.
పెద్దాళ్ళేమో
కంటిమీద ములక్కాడ పిప్పి,
మీసంమీద నిమ్మతొక్క పెట్టి లేచేవాళ్ళు.
నా తొట్టి దాకా వచ్చేసరికి
దేశాన్ని కాపాడినోడి చెంపలనిండా
కోడి ఎముకలు.

సర్వరు కుర్రాళ్ళకి డైలాగులు నేర్పారు.
నాగుల్ మీరా బిర్యానీ దించి తొడ కొట్టాలి.
పూటకి అరవై దెబ్బలు.
రాత్రి కింద స్కూటర్ల పక్కన కూర్చుని
ప్యాంటు పైకి మడిచి
అమృతాంజనం రాసుకునేవాడు.

ఏలూరు, తెనాలి, గుంటూరు బ్రాడీపేట,
తొమ్మిది బంతులయ్యాయి.
ఒక్కోటి తెరిచినప్పుడల్లా మాకో లడ్డూ.
జీతం పాతదే.

ఆయన ఒకసారి వచ్చాడు.
రోడ్డుమీద ఈలలకి పైన గిన్నెలు అదిరాయి.
ముద్ద కలిపాడు, నోటిదాకా తెచ్చాడు,
ఫోటో అయ్యాక దించేశాడు.
ఆ పళ్ళెం నాకే వచ్చింది.
అన్నం కింద ఆయన నవ్వు,
ఎవరూ తవ్వి చూడనిది.
చెయ్యి కడుక్కోడానికి ఇటు వచ్చి
గుట్టగా పేర్చిన తన మొహాలు చూసి
"ఇన్నా?" అన్నాడు.
నాతో అన్నాడో, వాటితో అన్నాడో.

ఆ వేసవి సినిమా పోయింది.
తరవాతది మ్యాట్నీకే చచ్చిపోయింది.
మూడోది ఎప్పుడొచ్చిందో
గాంధీనగర్లో పోస్టరంటించినోడికే తెలియాలి.

హీరో పడితే పప్పెందుకు పలచబడాలో
నాకిప్పటికీ అర్థం కాదు.
పడింది మరి.
నెయ్యి డాల్డా అయింది,
గోంగూరలోకి చుక్కకూర దూరింది,
ఏసీ ఆపి ఫ్యాన్లు తిప్పారు.
తెనాలి మూసి ఆ కుర్చీలు ఇక్కడికే తోలారు,
కూర్చునేవాళ్ళకంటే కుర్చీలెక్కువ.
నాగుల్ మీరా తొడ కొడితే
ఆ చప్పుడు హాలంతా తిరిగి తిరిగి
వాడి దగ్గరికే వచ్చి కూలబడేది.
ఓ రాత్రి గాలివానకి కటౌటు చెయ్యి విరిగింది.
గరిటె ఎగిరి హైవేమీద పడింది.
లారీలు దానిమీదుగా పొద్దుటిదాకా నడిచాయి.

ఆఖరి రెండునెలల జీతం అడిగితే
పూర్ణచంద్రంగారు చెయ్యెత్తి పళ్ళేలు చూపించాడు.
"ఎన్ని కావాలో పట్టుకెళ్ళు రాహేలమ్మా."
అప్పటికి ఆయన చొక్కా గుండీ ఒకటి లేదు,
ఇంకేం అడుగుతాం?
నలభై తీసుకున్నాను.
ఆటోవాడు "ఏం సరుకు?" అంటే
"హీరోగారు" అన్నాను.

ఇప్పుడు రాణిగారితోటలో, కరకట్ట మలుపులో
పొద్దున ఇడ్లీ, సాయంత్రం పునుగులు.
పీచుపెట్టి తోమగా తోమగా
ముందు మీసం పోయింది, తరవాత ఓ కన్ను.
కొన్నిట్లో చెవి ఒక్కటే మిగిలింది,
ఈలలకోసం వింటున్నట్టు.

మొన్నో బుడ్డోడు చట్నీ అంతా నాకేసి
"అమ్మమ్మా, ఇదెవరిది?" అన్నాడు.
పేరు చెప్దామని నోరు తెరిచాను.
పేరు గుర్తుంది, ఆ పాటలూ గుర్తున్నాయి.
"అన్నం కలుపుకుని
తినకుండా లేచిపోయినాయనది" అన్నాను.

వాడు పళ్ళెం ముందుకి జరిపాడు.
ఆ చెవిమీదే
ఇంకో ఇడ్లీ వేశాను.